విషాదరోగము: రోగి సంకల్పము

"మనస్సు గట్టి చేసికొనవలెను" అను మాట మన యిండ్లలో ఎంత తరచుగ వినబడునో పాఠకులెరుగుదురు. పంట పోయి, అప్పు పెరిగి, నెలల తరబడి మంచము దిగని రైతుతో అన్నగారు ఈ మాట యందురు. పరీక్ష తప్పిన నాటినుండి గది వెలుపలికి రాని కుమారునితో తండ్రి ఈ మాట యనును. కాన్పయిన మూడవ నెలలో బిడ్డను చూచియు చూడనట్లు గోడవైపునకు తిరిగి పరుండిన కోడలితో అత్తగారును ఇదే మాట యందురు. చెప్పువారి హృదయములో కల్మషము లేదు, ప్రేమయే యున్నది. కాని వినువారి చెవికి అది ప్రేమగా చేరుట లేదు, తీర్పుగా చేరుచున్నది. "నీకు రోగము లేదు, ఉన్నది బద్ధకము" అని తన్ననినట్లు రోగి తలంచును. అట్లు తలంచి ఇంకొక మెట్టు దిగును.

ఈ వ్యాసమునందు మేము విచారింపదలచిన ప్రశ్న యొక్కటే. విషాదరోగమునుండి కోలుకొనుటకు రోగి సంకల్పము కావలెనా, వలదా? కావలసినచో, సంకల్పమే రోగగ్రస్తమైన మనుష్యునికి అది యెక్కడినుండి రావలెను?

డిప్రెషన్ అనియు, కుంగుబాటు అనియు నేడు వ్యవహరింపబడు ఈ రోగము సామాన్య దుఃఖము కాదు. ఆప్తులు మరణించినప్పుడును, ఆస్తి పోయినప్పుడును దుఃఖించుట మనుష్యధర్మము. ఆ దుఃఖము అలలవలె వచ్చి పోవుచుండును. నడుమ నడుమ మనుమని మాటకు నవ్వు వచ్చును, ఆకలి వేయును. విషాదరోగము అట్టిది కాదు. ఇంచుమించు దినమంతయు, దినదినమును, రెండు వారములకు తక్కువ గాకుండ మనస్సు క్రుంగియుండుట, లేదా ఏ పనియందును ఆసక్తి గాని సంతోషము గాని లేకుండుట దీని ముఖ్య లక్షణము. నిద్ర చెడుట, ఆకలి మారుట, తీరని అలసట, ఏకాగ్రత తప్పుట, తాను నిష్ప్రయోజకుడనను భావము, చావును గూర్చిన తలంపులు దానికి తోడగును.

ఇది ఏ కొందరికో వచ్చు వింత రోగము కాదు. ప్రపంచమున సుమారు 28 కోట్ల మంది దీనితో బాధపడుచున్నారని ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. మన దేశమున 2015-16 సంవత్సరములలో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ 12 రాష్ట్రములందు జరిపిన జాతీయ మానసికారోగ్య పరిశీలనలో, పెద్దలలో ప్రతి 20 మందికి ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ రోగమునకు లోనయినవారని తేలినది. ఇట్టి సామాన్య మానసికరోగములు కలవారిలో నూటికి 80 మందికి పైగా చికిత్స లేకయే యుండిరని కూడ ఆ పరిశీలన తెలిపినది. అనగా, చికిత్స దొరకినవారికంటె దొరకనివారే యెక్కువ. వారిలో ఎందరికి "మనస్సు గట్టి చేసికొనుము" అను మాటయే మొదటి మందును, కడపటి మందును అయినదో యెవరు చెప్పగలరు?

ఈ మాటలోని దోషమేమి? రోగము ఏ యవయవమునకు తగిలినదో దానితోనే పని చేయుమని యిది కోరుచున్నది. కాలు విరిగినవానిని నడచి ఆసుపత్రికి రమ్మని మనము చెప్పము. బండి కట్టెదము, లేదా నలుగురము మోసికొని పోయెదము. విషాదరోగమున విరిగినది కోరిక. ముందు సుఖము కలుగునను ఆశయే మనుష్యుని శ్రమకు పురికొల్పునది. రైతు ఎండలో దున్నుట పంటను కన్నులయెదుట ఊహించుకొనుటవలననే కదా! ఈ రోగము కలవారు ప్రతిఫలమునకై శ్రమపడుటకు ఇతరులంత ఇష్టపడకుండుట శాస్త్రజ్ఞుల పరీక్షలందును కనబడినది. శ్రమ కొండవలె తోచును. ఫలము ఆవగింజవలె తోచును. ఇది వాని స్వభావము కాదు, రోగలక్షణము. జ్వరము వచ్చినవాని ఒడలు వేడెక్కుటకు మనము వానిని తప్పు పట్టుదుమా? విషాదరోగికి ఇష్టము లేకుండుటయు అట్టిదే.

ఇంతమాత్రమున రెండవ వైపునకు పోయి, "రోగితో మనకు పని లేదు, వైద్యుడు మాత్ర ఇచ్చును, అది పని చేయును" అనుకొనుటయు పొరపాటే. మందులు అవసరమైనచోట అవి మిక్కిలి ఉపకరించును, సందేహము లేదు. కాని ఈ మందులు తలనొప్పి మాత్రవలె గంటలో గుణమిచ్చునవి కావు. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. నోరెండుట, కడుపులో త్రిప్పుట వంటి చిక్కులు ముందే కనబడవచ్చును. నయమైన పిమ్మటను వైద్యుడు చెప్పినంత కాలము, సాధారణముగ ఆరు నెలలైనను, వానిని మానరాదు. ఆశ లేనివాడు ఫలము కనబడని మాత్రను దినదినమును మ్రింగవలెను! పలువురు నడుమనే మానివేయుట ఇందువలననే. మాటలతో చేయు చికిత్సయందు రోగి పాలు మరింత యెక్కువ. అందుచేత రోగి సంకల్పము కావలసినదే. అయితే దానిని రోగినుండి ముందుగ వసూలు చేయుట గాదు, చికిత్సతోడనే పెంచుట పద్ధతి.

ఈ మర్మమును మొదట స్పష్టముగ చూపినవారిలో అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు పీటర్ లెవిన్‌సోన్ ఒకడు. మనస్సు క్రుంగినవాడు పనులు మానును, స్నేహితులను తప్పించుకొనును. మానినకొలది, ఆ పనులవలనను ఆ స్నేహములవలనను కలుగు చిన్న చిన్న సంతోషములును తరిగిపోవును. అవి తరిగినకొలది మనస్సు మరింత క్రుంగును. ఈ సుడిగుండమును 1970 దశకమున ఆయన వివరించెను. అట్లయిన దీనిని ఎక్కడ తెంపవలెను? కోరిక పుట్టువరకు కనిపెట్టుకొనియుండినచో అది పుట్టదు. కనుక పనినే ముందు పెట్టవలెను. ఇష్టము కలిగిన పిమ్మట పని కాదు. పని చేయగా చేయగా ఇష్టము. మన పల్లెలలో చేతిపంపు ఎండిపోయినప్పుడు పైనుండి చెంబెడు నీళ్లు పోసి కొట్టెదము. మొదట గాలియే వచ్చును. పిదప నీరు వచ్చును. "నీరు వచ్చినగాని నీరు పోయము" అనువాడు దప్పికతో నుండవలసినదే.

1996లో నీల్ జాకబ్‌సన్ అను మరియొక అమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి ఒక పరీక్ష చేసెను. ఆలోచనలను సరిదిద్దు ప్రసిద్ధ చికిత్సనుండి, రోగిని క్రమముగ పనులలోనికి దింపు భాగమును మాత్రము వేరుచేసి యిచ్చి చూచెను. ఆ యొక్క భాగమే మొత్తము చికిత్సతో సమానముగ పని చేసినది. ఇరువది యేండ్ల పిమ్మట 2016లో ఇంగ్లండులో డేవిడ్ రిచర్డ్స్ మొదలగువారు 440 మంది రోగులతో ప్రకటించిన పరీక్ష దీనిని మరింత దృఢపరచినది. పెద్ద శిక్షణ లేని చిన్న యుద్యోగులు పనుల పద్ధతి నవలంబించిరి. అనుభవము కల మానసిక చికిత్సకులు ఆలోచనల పద్ధతి నవలంబించిరి. ఏడాది గడచునప్పటికి మొదటివారి రోగుల స్థితి రెండవవారి రోగుల స్థితికి తీసిపోలేదు. ఖర్చు మాత్రము తక్కువయినది.

ఇది పాశ్చాత్యుల మాట, మన దేశమునకు పనికివచ్చునా యని సందేహించువారికి గోవా సమాధానము చెప్పినది. అచ్చట సంగత్ అను సంస్థయు, డాక్టరు విక్రమ్ పటేల్ మొదలగు వైద్యులును 10 ప్రాథమికారోగ్యకేంద్రములలో ఈ పద్ధతిని పరీక్షించిరి. 2013 మొదలు 2015 వరకు, తీవ్రమైన విషాదరోగము కల 495 మందిని చేర్చుకొని రెండు భాగములు చేసిరి. ఒక భాగమునకు ఆరోగ్యకేంద్రములో మెరుగుపరచిన సామాన్య చికిత్స మాత్రమే చేసిరి. రెండవ భాగమునకు దానితోడ ఆరు మొదలు ఎనిమిది పర్యాయముల సంభాషణలను చేర్చిరి. ఈ సంభాషణలు జరిపినవారు వైద్యులు కారు, మనశ్శాస్త్ర పట్టభద్రులును కారు. ఆ ప్రాంతమువారే, ఆ భాష మాటలాడువారే, స్వల్పకాల శిక్షణ పొందిన సామాన్యులు. రోగి కేంద్రమునకు రాలేకపోయినచో వారే వాని యింటికి పోయిరి.

మూడు నెలల పిమ్మట లెక్క చూడగా, సామాన్య చికిత్స మాత్రమే పొందినవారిలో నూటికి 39 మందికి రోగము నెమ్మదించినది; సంభాషణలను కూడ పొందినవారిలో నూటికి 64 మందికి నెమ్మదించినది. ఆత్మహత్యను గూర్చిన తలంపులును ప్రయత్నములును తగ్గినవి. పనికి పోలేని దినములు తగ్గినవి. స్త్రీలపై భర్తలు చేయి చేసికొనుట కూడ తగ్గినది. ఏడాది పిమ్మట చూచినను మేలు నిలిచియే యున్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఆ మేలు ఏ మార్గమున వచ్చినదని పరిశోధకులు పరిశీలింపగా, మూడవ నెలనాటికి రోగి తన పనులలో ఎంత పాల్గొనుచుండెనో, ఆ చొరవయే ఏడాది చివరి ఆరోగ్యమునకు ఒక మార్గమయినట్లు కనబడినది. అనగా రోగి పూనికయే ఔషధమయినది. కాని ఆ పూనిక మొదటి దినమున రోగివద్ద లేదు. ఎవరో ఒకరు ఇంటికి వచ్చి, ప్రక్కన కూర్చుండి, దానిని మొలకెత్తించిరి.

ప్రక్కన కూర్చుండువాడు ఏమి మాటలాడవలెను? దీనిని గూర్చి తెలిసికొనదగిన విద్య యొకటి కలదు. విలియం మిల్లర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు త్రాగుబోతులకు చికిత్స చేయుచు, ఒక సంగతిని గమనించి 1983లో ప్రకటించెను. "నీవు మారవలెను" అని వైద్యుడు గట్టిగ వాదించినకొలది, మారకుండుటకు కారణములను రోగి అంత గట్టిగ చెప్పును. తన నోటితో చెప్పినదానినే మనుష్యుడు నమ్మును గనుక, మన వాదమే వానిని వెనుకకు నెట్టుచున్నది. 1991లో స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి ఆయన ఈ పద్ధతిని గ్రంథరూపమున వెలువరించెను. పిమ్మట ఇది పెక్కు రోగముల చికిత్సయందు వ్యాపించినది. దీని సారమిది: మారుటకు కారణములను మనము చెప్పరాదు, రోగిచేతనే చెప్పింపవలెను, తీర్పు వలదు, ప్రశ్న కావలెను, నిర్ణయమును రోగికే విడువవలెను.

ఒక యుదాహరణము ఊహింతము. పొలము చూచుట మానివేసి రెండు నెలలైన రైతు వద్దకు బావమరది వచ్చినాడు. "ఏమి బావా, మగవాడవై యుండి యిట్లు పడియుందురా?" అనినచో బావ దుప్పటి ముసుగు పెట్టును, సంభాషణ ముగియును. అట్లు గాక, "బావా, ఈ వారములో మీకు కొంచెమైనను తేలికగా తోచిన పూట యేది?" అని యడిగినాడనుకొందము. "ఏదియు లేదు... మొన్న గేదె యీనినప్పుడు కొంతసేపు పాకలో నిలుచున్నాను" అని యాయన చెప్పవచ్చును. "రేపు ప్రొద్దున కూడ ఒక్కసారి దూడను చూచి వత్తమా? నేనును వచ్చెదను. బాగుగ లేకపోయిన వెంటనే తిరిగి వత్తము." ఇంతే. పొలమును గూర్చి గాని, అప్పును గూర్చి గాని ఆ దినమున మాట లేదు. పాకవరకు పది యడుగులు. ఆ పది యడుగులే మొదటి చెంబెడు నీళ్లు.

ఈ నీతి మనకు క్రొత్తది కాదు. భగవద్గీత మొదటి యధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. అర్జునుడు రోగియని మేము చెప్పుట లేదు. కాని ఆ కథాక్రమమును గమనింపుడు. విల్లు జారవిడిచి కూలబడినవానిని శ్రీకృష్ణుడు మొదట మందలించెను. దానివలన నేమయినది? యుద్ధము చేయనని చెప్పి అర్జునుడు మౌనము వహించెను. మందలింపుతో పని తీరియుండినచో గీత రెండవ యధ్యాయము మొదటనే ముగియవలసినది! ఆ పిమ్మటనే అసలు సంభాషణ ప్రారంభమయినది. అర్జునుడు ప్రశ్నించుచు, ఆక్షేపించుచు, మరల ప్రశ్నించుచు పోయెను. చిట్టచివరకు, అంతయు విచారించి నీకు తోచినట్లు చేయుమని నిర్ణయమును ఆతనికే విడిచెను. ఇంత యోర్పు మన యింటిలోని రోగిపట్ల మనకు వలదా?

ఇంటివారు ఆచరింపదగిన సంగతులు కొన్ని కలవు. పని చిన్నదిగ నుండవలెను. వేళ నియతముగ నుండవలెను. "రోజును బాగుగ గడుపుము" అనుట పని కాదు. "ఏడు గంటలకు ముఖము కడుగుకొని వసారాలో కూర్చుండుట" పని. ఒకప్పుడు రోగికి ప్రియమైనదానినే ఎన్నుకొనవలెను: తోటకు నీరు పెట్టుట యగుగాక, పాత మిత్రునితో రెండు మాటలగుగాక. చేసిననాడు గమనించితిమని తెలుపవలెను; చేయనినాడు లెక్క యడుగరాదు. ఇష్టమున్నదా యని యడుగరాదు. ఇష్టము లేకున్నను కొంచెము చేసి చూతమా యని యడుగవలెను. వైద్యుని వద్దకు పొమ్మని పంపుటకంటె, వెంటబెట్టుకొని పోవుట మేలు. మార్గము తిన్నగ నుండదు. నాలుగు దినములు మెరుగై అయిదవ దినమున వెనుకబడుట ఈ రోగమున సహజము.

ఇచ్చట నొక గట్టి హెచ్చరిక చేయవలసియున్నది. సంకల్పము పుట్టువరకు వేచియుండ వీలులేని దశలు కలవు. రోగి అన్నము నీళ్లు ముట్టకున్నను, మాట పడిపోయినను, లేనిపోని మాటలు వినబడుచున్నవని చెప్పినను, చావును గూర్చి పలికినను వెంటనే వైద్యుని చేరవలెను. అప్పుడు మందులును, ఒక్కొక్కప్పుడు ఆసుపత్రిలో నుంచి చేయు చికిత్సయును ప్రాణము నిలుపును. సంకల్పము తరువాతి మాట. "చచ్చిపోవలెనని తోచుచున్నదా?" అని ప్రేమతో నడుగుటవలన ఆ తలంపు క్రొత్తగ పుట్టదు, చెప్పుకొనుటకు దారి దొరకును. వ్యవసాయము చేయు గృహస్థులు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి కలదు: పురుగుమందు డబ్బాలు ఇంటిలో నుండరాదు, తాళము వేసిన వేరు చోట నుండవలెను. ఆవేశము కొన్ని గడియలలో తగ్గవచ్చును. ఆ గడియలలో చేతికి విషము అందకుండుటయే ఎన్నో ప్రాణములను కాపాడును. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యాయత్నము చేసినవానిని, అన్యథా ఋజువైననే తప్ప, తీవ్రమైన మనోవేదనకు లోనయినవానినిగ భావించి, శిక్షనుండి తప్పించినది. వానికి చికిత్సయు సంరక్షణయు కల్పించుట ప్రభుత్వ విధియని చెప్పినది. కావున కేసు భయముతో ఆసుపత్రికి పోకుండుట తగదు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, ఖర్చు లేకుండ, ఏ వేళనైనను మాటలాడవచ్చును.

ఇంటి ధర్మమట్లుండగా, ఊరి ధర్మమొకటి కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామములలో జరిగిన ప్రయత్నమొకటి 2017లో ప్రకటింపబడినది. ఆశా కార్యకర్తలు ఇంటింటికి పోయి ప్రశ్నలడిగి, బాధపడువారిని గుర్తించి, వైద్యునివద్దకు పంపిరి. మనోరోగమును గూర్చిన సిగ్గును పోగొట్టుటకు గ్రామములలో ప్రచారమును జరిపిరి. అంతకు పూర్వము రోగలక్షణములు కలవారిలో మానసిక చికిత్స పొందినవారు నూటికి ఒక్కరు కూడ లేరు, 0.8 మాత్రమే. పిమ్మట ఆ సంఖ్య 12.6 అయినది. ఆ గ్రామస్థులకు పూర్వము సంకల్పము లేకపోయినదనియు, తరువాత హఠాత్తుగ వచ్చినదనియు చెప్పుదుమా? లేనిది సంకల్పము కాదు, ద్వారము. ద్వారము తెరచి, రమ్మని పిలిచినవారుండగా వారు వచ్చిరి.

కావున ఉభయ తెలుగు రాష్ట్రములందును ప్రతి ప్రాథమికారోగ్యకేంద్రమునకు, గోవాలో వలె, శిక్షణ పొందిన స్థానికుడొకడైనను ఉండవలెనని మేము కోరుచున్నాము. దీనికి పెద్ద మేడలు వలదు, విదేశీ యంత్రములు వలదు. చదువుకొన్న గ్రామస్థులు, ఓర్పు, కొన్ని వారముల శిక్షణ, పైనుండి ఒక వైద్యుని పర్యవేక్షణ చాలును. ఊరిలో మాట చెల్లు పెద్దలు తమ పలుకుబడిని దీనికి వినియోగింపవలెను. తమ యింటి రోగమును దాచుటకు వినియోగించిన శ్రమలో సగమైనను దీనికి వినియోగించినచో ఎన్నో కుటుంబములు నిలుచును.

మొదటి ప్రశ్నకు మా సమాధానమిది. రోగి సంకల్పము కావలసినదే. అది లేక ఆరోగ్యము నిలువదు. కాని అది చికిత్సకు ప్రవేశరుసుము కాదు, చికిత్స యొక్క ఫలము. అది మొలకెత్తువరకు ఇంటివారును, ఊరివారును తమ సంకల్పమును రోగికి ఎరువియ్యవలెను. ఇక మీదట మంచముమీది మనుష్యునితో "మనస్సు గట్టి చేసికొనుము" అనబోవునప్పుడు ఒక్క నిమిషమాగి, చేయి చాచి, "లేవండి, పాకవరకు పోయి వత్తము" అని యందుముగాక.